ఉమ్మడి ప్రామాణిక పరీక్షలు మొదటిసారి వస్తున్నప్పుడు బడి, టీచర్లు ఎలా సిద్ధం కావాలి

వందల బడులు కలిసి ఒకే ప్రశ్నపత్రంతో, ఒకే కొలబద్దతో పరీక్ష పెట్టినప్పుడు పిల్లలు మార్కులు పోగొట్టుకునే దారులు రెండు. ఒకటి, విషయం రాకపోవడం. రెండోది, విషయం వచ్చినా ప్రశ్న రూపం, తెర, టైము, జవాబు పత్రం కొత్త కావడం. మొదటిదానికి మందు ఏడాది పొడవునా చెప్పే పాఠమే. రెండోది కొన్ని వారాల పనితో తీరిపోతుంది. చాలా బడులు ఈ రెంటినీ ఒకటిగా చూసి మోడల్ పేపర్ మీద మోడల్ పేపర్ రాయిస్తాయి. దానివల్ల మొదటి లోటు అలాగే ఉండిపోతుంది. రెండో లోటుకు అన్ని పేపర్లు అక్కర్లేదు. కింద చెప్పే ప్రతి పనికీ ముందు, అది ఈ రెంటిలో దేనికోసమో తేల్చుకోండి. ఎంత టైము పెట్టాలో అప్పుడే తెలుస్తుంది.

పరీక్షకు కనీసం ఆరు నెలల ముందు పని మొదలవ్వాలి. అంత వ్యవధి దొరక్కపోతే పాఠ్య ప్రణాళికతో సరిచూసే పని, యంత్రాల లెక్క, ప్రత్యేక అవసరాలున్న పిల్లల జాబితా, ఈ మూడూ ముందు చేయండి. మిగతావి తర్వాత చూసుకోవచ్చు.

ముందు చదవాల్సిన పత్రాలు

పరీక్ష నిర్వహించే సంస్థ నమూనా ప్రశ్నపత్రం ఒక్కటే ఇవ్వదు. ఏ సామర్థ్యాలను కొలుస్తున్నారో చెప్పే పరీక్షా చట్రం, ఏ అంశానికి ఎంత వెయిటేజీయో చెప్పే బ్లూప్రింట్, ఒక్కో రకం ప్రశ్న ఎలా ఉండాలో చెప్పే ప్రశ్నాంశ నిర్దేశాలు, పెద్ద జవాబులకు మార్కులు వేసే రూబ్రిక్‌లు, పరీక్ష నడిపే పద్ధతి చెప్పే కరదీపిక కూడా ఉంటాయి. టీచర్ల చేతికి మాత్రం నమూనా పేపర్ ఒక్కటే చేరుతుంది. నిజానికి వీటన్నిటిలో తక్కువ పనికొచ్చేది అదే. అందులో ఉన్న ముప్పై నలభై ప్రశ్నలు అసలు పేపర్లో రావు. వచ్చే ప్రశ్నలు ఏ అచ్చులో ఉంటాయో చెప్పేది నిర్దేశాల పత్రం. "భిన్నాల హారాలు 12 దాటకూడదు", "గద్యభాగం ఇన్ని పదాలలోపు ఉండాలి", "రేఖాచిత్రం తప్పనిసరి" వంటి హద్దులు అందులోనే కనిపిస్తాయి. ఒక్కో సబ్జెక్టుకు ఒక టీచర్ దాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివి, తోటివారికి రెండు పేజీల్లో సారాంశం రాసి ఇవ్వాలి.

ఈ పత్రాల్లో మూడు సంగతులు తప్పకుండా వెతకండి.

పరీక్ష అందరు పిల్లలకా, ఎంపిక చేసిన కొందరికేనా? భారత్‌లో 2024 డిసెంబర్ 4న 3, 6, 9 తరగతులకు జరిగిన పరఖ్ రాష్ట్రీయ సర్వేక్షణ్ ఎంపిక చేసిన బడుల్లో మాత్రమే జరిగిన సర్వే. అలాంటి సర్వే ఒక్కో పిల్లవాడి ఫలితం చెప్పడానికి పెట్టినది కాదు. ఈ తేడా తెలియక తల్లిదండ్రులకు లేనిపోని మాట ఇచ్చేస్తుంటారు.

తప్పు జవాబుకు మార్కులు కోస్తారా? కోయకపోతే ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలొద్దని పిల్లలకు ముందే చెప్పాలి.

ప్రశ్నలు అందరికీ ఒకటేనా, జవాబును బట్టి మారతాయా? అమెరికాలో ఈ తరహా ఉమ్మడి పరీక్షల కోసం 2010లో రెండు కూటములు ఏర్పడ్డాయి. వాటిలో స్మార్టర్ బ్యాలెన్స్‌డ్ జవాబును బట్టి మారే పరీక్షను ఎంచుకుంది, పార్క్ అందరికీ స్థిరమైన పేపర్లనే ఎంచుకుంది. మారే పరీక్షలో సరైన జవాబు పెడుతున్నకొద్దీ ప్రశ్నలు బరువెక్కుతాయి. ఎప్పుడూ తొంభై తెచ్చుకునే పిల్ల కూడా సగానికి సగం తప్పు చేస్తున్నానని బెంబేలెత్తుతుంది. అది పరీక్ష పనిచేసే తీరేనని ఆ పిల్లకు ముందుగా చెప్పి ఉంచకపోతే నష్టం.

పాఠ్య ప్రణాళికతో సరిచూడటం

సన్నాహం మొత్తంలో ఎక్కువ ఫలితం ఇచ్చే పని ఇది. ఒక్కో సబ్జెక్టుకు, ఒక్కో తరగతికి రెండున్నర గంటలు పడుతుంది. ఆ తరగతికి చెప్పే టీచర్‌తోపాటు కింది తరగతికి చెప్పే టీచర్ కూడా తప్పకుండా కూర్చోవాలి.

ఒక పెద్ద కాగితం మీద అయిదు నిలువు గడులు గీయండి. మొదటి గడిలో బ్లూప్రింట్‌లోని సామర్థ్యం, రెండో గడిలో దానికి వచ్చే ప్రశ్నల సంఖ్య, మూడో గడిలో అడిగే స్థాయి రాయండి. స్థాయి అంటే గుర్తుంచుకుని చెప్పడమా, వాడటమా, కారణం చెప్పడమా అన్నది. నాలుగో గడిలో మన బడిలో ఆ పాఠం ఏ నెలలో ఏ యూనిట్‌లో వస్తుందో, అయిదో గడిలో ఇప్పుడు యూనిట్ టెస్టులో దాన్ని ఎలా అడుగుతున్నామో రాయండి. చివరి గడిని "అడుగుతున్నాం" అన్న ఒక్క మాటతో నింపేస్తే లాభం లేదు. నిరుడు ఇచ్చిన ప్రశ్నను ఉన్నదున్నట్టు అందులో ఎక్కించాలి.

ఇప్పుడు వరుసలకు మూడు రంగులు వేయండి. పరీక్షలోపు, అదే స్థాయిలో చెబుతున్నవి ఆకుపచ్చ. పరీక్షలోపే చెబుతున్నా తక్కువ స్థాయిలో ఆగిపోతున్నవి పసుపు. పరీక్ష అయ్యాక వచ్చేవి, అసలు సిలబస్‌లో లేనివి ఎరుపు. అందరి కళ్లూ ఎరుపు మీదికే పోతాయి. మార్కులు ఎక్కువగా పోయేది మాత్రం సాధారణంగా పసుపు వరుసల్లో. పాఠం చెప్పామన్న ధీమా ఉంటుంది కాబట్టి వాటిని ఎవరూ మళ్లీ తెరిచి చూడరు.

ఒక లెక్క చూద్దాం. గణితంలో 40 ప్రశ్నల పేపర్లో భిన్నాలకు 6, దత్తాంశాల పట్టికలకు 5 ఉన్నాయనుకోండి. దత్తాంశాల పాఠం పుస్తకం చివర ఉంది, పరీక్ష నాటికి చెప్పడం కుదరదు. అంటే పేపర్లో ఎనిమిదో వంతు చేజారిపోతున్నట్టే. ఈ పాఠానికి ముందు పాఠాలతో పెద్ద ముడి లేదు కాబట్టి నిశ్చింతగా ముందుకు జరపవచ్చు. భిన్నాల గుణకారం రాకుండా నిష్పత్తిని ముందుకు లాగితే మాత్రం రెండూ పాడవుతాయి. ఒక సబ్జెక్టులో ఏడాదికి రెండు మూడు పాఠాలకు మించి జరపకండి. అంతకుమించి జరపాల్సి వస్తే సమస్య వార్షిక ప్రణాళికలోనే ఉంది. దాన్ని వచ్చే ఏడాదికి కొత్తగా రాసుకోవడం మేలు.

టీచర్లు ముందు తామే పరీక్ష రాయాలి

నమూనా ప్రశ్నలను చదవడం, రాయడం ఒకటి కావు. పిల్లలకు ఇచ్చే టైములోనే, పిల్లలు వాడే యంత్రం మీదే, రాయడం కాగితం మీదైతే అదే ఓఎంఆర్ పత్రం (గుండ్రాలు నింపితే యంత్రం దిద్దే జవాబు కాగితం) మీద టీచర్లంతా ఒక మధ్యాహ్నం కూర్చుని రాయండి. తర్వాత ఒక్కో ప్రశ్న మీద రెండు మాటలు రాసుకోండి: దీనికి జవాబు చెప్పాలంటే పిల్లవాడు ఏమేం చేయాలి, ఎక్కడ జారిపడతాడు. రెండో ప్రశ్నకు వచ్చిన జవాబుల్లోంచే మీ శిక్షణకు కావలసిన సామగ్రి మొత్తం దొరుకుతుంది.

కొత్త తరహా ప్రశ్నల్లో పిల్లలు తరచూ దెబ్బతినేవి కొన్ని ఉన్నాయి. "3/4కు సమానమైనవన్నీ గుర్తించండి" అని 6/8, 7/8, 9/12, 0.75 ఇస్తే చాలామంది 6/8 దగ్గర టిక్కు పెట్టి ముందుకు సాగిపోతారు. ఒక్క జవాబే ఉంటుందన్న అలవాటు అది, భిన్నాలు రాకపోవడం కాదు. రెండు భాగాల ప్రశ్నల సంగతి వేరు. మొదటి భాగంలో జవాబు, రెండో భాగంలో ఆ జవాబుకు ఆధారమైన వాక్యం అడుగుతారు. కొన్ని పరీక్షల్లో మొదటిది తప్పితే రెండోదానికి మార్కు రాదు. కాబట్టి రెండు భాగాలూ చదివాకే మొదటిదానికి జవాబు పెట్టడం అలవాటు చేయాలి. తెర మీద కార్డును లాగి గడిలో వదిలే ప్రశ్నలో ఒక గడిలో రెండు కార్డులు పెట్టవచ్చో లేదో సూచనలోనే ఉంటుంది, ఎవరూ చదవరు.

ఇలాంటి ప్రశ్నలను టీచర్లు తామే తయారుచేయగలగాలి. బహుళైచ్ఛిక ప్రశ్నకు ప్రాణం తప్పు జవాబుల్లో ఉంటుంది. 1/2 + 1/3కు ఎంపికలు ఇస్తున్నప్పుడు 2/5 తప్పకుండా ఉండాలి. పైవి పైవాటితో, కిందవి కిందవాటితో కూడేసే పిల్లవాడు దాన్నే ఎంచుకుంటాడు. 0.6, 0.45లో పెద్దది ఏదని అడిగితే 0.45 అనేవాడు దశాంశాలను పూర్ణసంఖ్యల్లా చదువుతున్నాడు. ఏ తప్పు ఆలోచననూ పట్టివ్వని ఎంపిక ఖాళీ నింపడానికే తప్ప ఎందుకూ పనికిరాదు, తీసేయండి. "పైవన్నీ", "పైవేవీ కావు" వాడకండి. సరైన జవాబు మిగతావాటికంటే పొడవుగా ఉందేమో చూసుకోండి, చదవకుండానే దాన్ని పట్టేసే పిల్లలు ప్రతి క్లాసులోనూ ఉంటారు. "కానిది ఏది" అని అడగక తప్పకపోతే "కానిది" అన్న మాటను బొద్దుగా అచ్చు వేయండి.

రాయించాక ప్రతి ప్రశ్నకూ రెండు సంఖ్యలు కట్టండి. మొదటిది కఠినతా సూచిక: సరిగా రాసినవారిని మొత్తం పిల్లలతో భాగించడం. 0.9 దాటితే ఆ ప్రశ్న కొత్తగా చెప్పేదేమీ లేదు. 0.2కంటే తక్కువైతే పాఠం చెప్పలేదో, ప్రశ్నే గజిబిజిగా ఉందో చూడాలి. రెండోది విచక్షణ సూచిక: బాగా చదివేవారినీ వెనకబడినవారినీ ఆ ప్రశ్న ఎంతగా వేరు చేస్తుందో చెప్పేది. 40 మంది క్లాసులో మొత్తం మార్కుల ప్రకారం పై 27 శాతం అంటే 11 మందిని, కింది 11 మందిని తీసుకోండి. పైవారిలో 9 మంది, కిందివారిలో 4 మంది సరిగా రాస్తే తేడా 5, దాన్ని 11తో భాగిస్తే 0.45. అది మంచి ప్రశ్న. 0.2 దాటకపోతే అనుమానించాలి. రుణ సంఖ్య వచ్చిందంటే, అంటే చదివేవాళ్లే తప్పు చేస్తున్నారంటే, ముందు జవాబుల కీ చూడండి. చాలాసార్లు తప్పు అక్కడే ఉంటుంది. ఒక్క క్లాసు లెక్కతో ప్రశ్నను పారేయకండి, 40 మందిలో ఇద్దరు అటూ ఇటూ అయితే ఈ సూచిక బాగా ఊగుతుంది.

పెద్ద జవాబులు దిద్దడం

రూబ్రిక్ చదివితే అర్థమైనట్టే ఉంటుంది. ఇద్దరు టీచర్లు ఒకే జవాబుకు ఒకరు 1, ఇంకొకరు 3 వేసినప్పుడు గానీ అర్థం కాలేదని తెలియదు.

పద్ధతి ఇది. పన్నెండు జవాబులు ఏరండి. అన్నీ మంచివో, అన్నీ చెత్తవో కాకుండా ప్రతి స్థాయి నుంచీ కనీసం రెండు ఉండాలి. పేర్లు కనిపించకుండా జిరాక్సు తీసి అందరికీ ఇవ్వండి. ఎవరికి వారే మాట్లాడుకోకుండా మార్కులు వేసి, తర్వాత బోర్డు మీద పక్కపక్కన రాయండి. 0 నుంచి 3 పాయింట్ల కొలబద్ద మీద పన్నెండింటిలో ఎనిమిదైనా అచ్చంగా కలిసి, మిగతావి ఒక్క పాయింటు తేడాలోపు ఉంటే దిద్దడం మొదలుపెట్టవచ్చు. రెండు పాయింట్ల తేడా ఒక్కటి వచ్చినా ఆ జవాబు దగ్గర ఆగి, రూబ్రిక్‌లోని ఏ మాటను ఎవరు ఎలా అర్థం చేసుకున్నారో తేల్చాలి. సీనియర్ వేసిందే సరైనదని మిగతావారు సర్దుకుపోవడం ఇక్కడి పెద్ద ప్రమాదం. తీర్పు రూబ్రిక్‌లోని వాక్యాన్ని చూపించి చెప్పాలి. వయసును బట్టి, హోదాను బట్టి కాదు.

తేల్చిన జవాబులను "ఇది 2కు నమూనా" అని గుర్తుపెట్టి దాచండి. దిద్దుతూ దిద్దుతూ చేయి బిగుసుకోవడమో వదులవడమో సహజం, కాబట్టి ప్రతి పాతిక పేపర్లకు ఒకసారి ఆ నమూనాలు తిరిగి చూడండి. ఒక పిల్లవాడి పేపర్ మొత్తం దిద్ది ఇంకొకరిదానికి వెళ్లడం కాకుండా, అందరి మొదటి ప్రశ్నా దిద్ది తర్వాత రెండోదానికి వెళ్లండి. మొదటి జవాబు బాగుందన్న అభిప్రాయం రెండోదాని మీద పడకుండా ఉంటుంది. ఇంకో సంగతి, ఒకే జవాబును టైపు చేసి ఇచ్చినప్పటికంటే చేతిరాతలో ఇచ్చినప్పుడు దిద్దేవారు కాస్త ఎక్కువ మార్కులు వేస్తారని పరిశోధనల్లో తేలింది. టైపు జవాబులో అక్షరదోషం కళ్లకు కట్టినట్టు కనిపించడం దీనికొక కారణం. రెండు రకాలూ కలిపి దిద్దేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

ఈ సాధనను ఒక్క రోజు శిక్షణగా పెట్టేస్తే గోడకు వేసిన సున్నంలా రాలిపోతుంది. పదిహేను రోజులకొకసారి తొంభై నిమిషాల చొప్పున ఆరుసార్లు పెట్టుకోండి. ప్రతిసారీ టీచర్లు తమ క్లాసులోని నిజమైన జవాబులే తేవాలి.

కంప్యూటర్ మీద పరీక్ష అయితే

మొదట లెక్క. 360 మంది పిల్లలు, రెండు సబ్జెక్టులు, ఒక్కోటి రెండు విడతలు. అంటే 1,440 సార్లు ఎవరో ఒకరు యంత్రం ముందు కూర్చోవాలి. బడిలో 40 యంత్రాలున్నాయి. అన్నిటినీ లెక్కలో వేయకండి, పది శాతం విడిగా పెట్టండి, మిగిలేవి 36. రోజుకు రెండు విడతలైతే 72 మంది, మొత్తం 20 రోజులు. పరీక్షకు ఇచ్చిన గడువు 15 పనిదినాలే అయితే కుదరదు. రోజుకు మూడు విడతలు పెడితే 108 మంది, 14 రోజులు. లెక్కకు సరిపోయింది గానీ, గైర్హాజరైన పిల్లలకు, కరెంటు పోయిన రోజుకు మిగిలింది ఒక్క రోజు. ఇంకో పది యంత్రాలు అరువు తెస్తే రోజుకు 138 మంది, 11 రోజుల్లో అయిపోతుంది, నాలుగు రోజులు చేతిలో ఉంటాయి. ఈ లెక్క ఆరు నెలల ముందు వేస్తే అరువు దొరుకుతుంది. నెల ముందు వేస్తే పక్క బడికీ అదే అవసరం ఉంటుంది.

యంత్రం కనీస అర్హతలు కరదీపికలో ఉంటాయి. తెర కొలత, రిజల్యూషన్, ఆపరేటింగ్ సిస్టమ్ ఏ వెర్షన్ అన్నవి ఒక్కో యంత్రం మీదా చూసి రాసుకోవాలి. "అన్నీ ఒకేసారి కొన్నాం కదా" అంటే సరిపోదు. పరీక్ష కోసం ఇచ్చే సురక్షిత బ్రౌజర్ మిగతా కిటికీలను మూసేస్తుంది కాబట్టి యాంటీవైరస్ హెచ్చరిక, ఆటోమేటిక్ అప్‌డేట్, స్క్రీన్ సేవర్, బ్యాటరీ ఆదా అమరిక, వీటిలో ఏది మధ్యలో తలెత్తినా పరీక్ష ఆగిపోవచ్చు. అన్నీ ముందే ఆపేయండి. తేదీ, గడియారం తప్పుగా ఉన్న యంత్రం లాగిన్‌లోనే మొరాయించవచ్చు. ఇయర్‌ఫోన్లు బ్రౌజర్ తెరవకముందే పెట్టాలి, తెరిచాక పెడితే కొన్ని యంత్రాలు గుర్తించవు.

నెట్ వేగాన్ని ఒక్క యంత్రం మీద చూసి తృప్తిపడకండి. పరీక్ష రోజు ఎందరు కూర్చుంటారో అందరినీ ఒకేసారి కూర్చోబెట్టి, ఒకే నిమిషంలో లాగిన్ చేయించి చూడండి. చిక్కంతా ఆ మొదటి రెండు నిమిషాల్లోనే. అందరూ ఒకేసారి ప్రశ్నలు దించుకునేది అప్పుడే. వైఫై పెట్టె ఒక్కదాని మీద పాతిక ముప్పై యంత్రాలకు మించి పెట్టకండి. ప్రశ్నలను బడిలోని కంప్యూటర్‌లోకి ముందే దించుకునే వీలు ఉంటే తప్పకుండా వాడుకోండి. బడిలో అంతా సవ్యంగా ఉన్నా అవతలి సర్వర్ కూలిపోవచ్చు. 2015 వసంతంలో నెవాడా, మోంటానా, నార్త్ డకోటాల్లో స్మార్టర్ బ్యాలెన్స్‌డ్ పరీక్షలు అలాగే ఆగిపోయాయి. కాబట్టి తెర స్తంభించినప్పుడు పిల్లలు ఎక్కడ కూర్చోవాలి, ఎంతసేపు ఆగాలి, ఎవరికి ఫోన్ చేయాలి, ఎప్పుడు వాయిదా వేయాలి అన్నది ఒక కాగితం మీద రాసి ప్రతి గదిలో పెట్టండి.

టైపు చేయడం వేరే సమస్య. నాలుగు పేరాల జవాబు అడుగుతున్నప్పుడు అక్షరాలు వెతుక్కునే పిల్లవాడు ఆలోచన మధ్యలో వదిలేస్తాడు. పరీక్ష భాష ఇంగ్లిష్ కాకపోతే కీబోర్డు అమరిక ఏదన్నది ముందే కనుక్కుని అదే నేర్పాలి. ఫోన్లో ఒక పద్ధతికి అలవాటైన వేళ్లు ఇంకో పద్ధతిలో తడబడతాయి. దీనికి నాలుగైదు నెలలపాటు వారానికి ఒక పీరియడు కావాలి, చివరి వారంలో కుదిరే పని కాదు. ఆస్ట్రేలియా తన జాతీయ పరీక్ష న్యాప్లాన్‌ను 2018లో కంప్యూటర్ మీదికి మార్చడం మొదలుపెట్టి 2022కు గానీ పూర్తి చేయలేదు. మూడో తరగతి పిల్లల రచనా పరీక్షను మాత్రం కాగితం మీదే ఉంచింది.

కాగితం మీద అయితే ఈ తలనొప్పులేవీ ఉండవు, ఓఎంఆర్ ఒక్కటి తప్ప. ఒక ప్రశ్న వదిలేసి తర్వాతి జవాబును దాని గడిలో దిద్దితే అక్కడి నుంచి అన్నీ ఒక వరుస జరిగిపోతాయి. ప్రతి అయిదు ప్రశ్నలకొకసారి పేపర్లోని నంబరు, పత్రంలోని నంబరు కలుస్తున్నాయో లేదో చూసుకోవడం నేర్పండి. పేరు, కోడ్ నింపడం ఖాళీ పత్రం మీద ఒకసారి చేయించండి. ప్రశ్నపత్రం సెట్ కోడ్ తప్పుగా దిద్దితే మొత్తం పేపర్‌ను వేరే కీతో దిద్దే ప్రమాదం ఉంది.

పిల్లలకు ఎంత సాధన

మూడు విడతలు చాలు. మొదటిది నలభై నిమిషాలు: తెర మీద ముందుకూ వెనక్కూ వెళ్లడం, ప్రశ్నకు గుర్తుపెట్టడం, క్యాలిక్యులేటర్ తెరవడం, చివర సమర్పించడం. రెండోది ప్రతి రకం ప్రశ్నా ఒకటి రెండు చొప్పున. మూడోది పూర్తి టైముతో పూర్తి పరీక్ష. మూడోదాని తర్వాత కూడా తప్పులు వస్తుంటే అవి విషయం రాక వస్తున్నవే. ఆ పిల్లలకు కావలసింది ఇంకో పేపర్ కాదు, పాఠం. వీటికంటే ఎక్కువ మేలు చేసేది, ఏడాది పొడవునా ప్రతి యూనిట్ టెస్టులో కొత్త తరహా ప్రశ్నలు రెండు చేర్చడం.

ప్రత్యేక అవసరాలున్న పిల్లల జాబితా మూడు నెలల ముందే సిద్ధం కావాలి. అనుమతికి దరఖాస్తు గడువు సాధారణంగా పరీక్ష తేదీకి చాలా ముందే ముగిసిపోతుంది. అదనపు సమయం, పెద్ద అక్షరాలు, చదివి వినిపించడం, రాసిపెట్టడం, విడి గది, ఇవన్నీ రోజువారీ క్లాసులో ముందు వాడి చూడాలి. చదివి వినిపించే గొంతును పరీక్ష రోజే మొదటిసారి వింటే అది సాయం కాదు, ఇంకో అడ్డంకి. గణితం ప్రశ్నను చదివి వినిపిస్తే కొలిచేది మారదు. చదివి అర్థం చేసుకునే పరీక్షలో గద్యభాగాన్ని చదివి వినిపిస్తే కొలిచేదే మారిపోతుంది. ఎక్కడ అనుమతి ఉందో అక్షరం అక్షరం చూసుకోండి.

పరీక్ష రోజు

ఒక సమన్వయకర్త, యంత్రాలకు ఒకరు, ప్రతి ఒక్కరికీ ఒక బదులు మనిషి. గోడల మీద ఎక్కాలు, పటాలు, సూత్రాల చార్టులు కాగితంతో మూసేయండి. ప్రశ్నపత్రాలు తెచ్చినప్పుడు, పంచేముందు, తిరిగి తీసుకున్నాక లెక్కపెట్టండి. మూడు లెక్కలూ కలవనిదే ఏ పిల్లవాడినీ గది దాటనివ్వకండి. గంట, మైకు ఆపేయండి.

ఇన్విజిలేటర్ సూచనల పత్రాన్ని ఉన్నదున్నట్టు చదవాలి. తన మాటల్లో చెబితే పిల్లలకు సులువుగా ఉంటుందనిపిస్తుంది. అన్ని బడుల్లో ఒకే పరిస్థితి ఉంటేనే ఒక బడి మార్కును ఇంకో బడి మార్కుతో పోల్చగలం కాబట్టి, ఆ సులువు ఒక్క గదికే దక్కకూడదు. "మళ్లీ ఒకసారి చూసుకో" అని ఒక పిల్లవాడి ప్రశ్న మీద వేలు పెట్టడం కూడా సాయం కిందికే వస్తుంది. ప్రశ్నలను ఫోటో తీయడం, తర్వాత స్టాఫ్ రూంలో చర్చించడం వద్దు. వాటిలో కొన్ని వచ్చే ఏడాది మళ్లీ వస్తాయి. రెండేళ్ల పేపర్లను ఒకే కొలబద్ద మీదికి తెచ్చేది ఆ ఉమ్మడి ప్రశ్నలే. ఏ అంతరాయం కలిగినా ఎన్ని గంటలకు, ఎంతసేపు, ఎవరికి అన్నది అప్పటికప్పుడే రాసిపెట్టండి.

తల్లిదండ్రులకు, ఫలితాలకు

ఫలితాలు వచ్చేలోపే, వీలైతే పరీక్షకు ముందే, ఒక పేజీ ఉత్తరం పంపండి. ఏం కొలుస్తున్నారు, ప్రమోషన్‌కు దీనికి సంబంధం ఉందా లేదా, ఫలితం ఎప్పుడు ఏ రూపంలో వస్తుంది. ముఖ్యంగా పాత పరీక్ష శాతాలతో కొత్త వాటిని పోల్చకూడదని. న్యూయార్క్ రాష్ట్రంలో 3 నుంచి 8 తరగతుల వారిలో 2012లో ఇంగ్లిష్‌లో సుమారు 55 శాతం, గణితంలో సుమారు 65 శాతం ప్రావీణ్య స్థాయి అందుకున్నారు. కొత్త ప్రమాణాల పరీక్ష వచ్చిన 2013లో రెండింటిలోనూ అది 31 శాతానికి పడిపోయింది. ఒక్క ఏడాదిలో పిల్లల చదువు అంత దిగజారదు. మారింది గీత ఎత్తు. ముందు చెబితే ఇది వివరణ అవుతుంది, తర్వాత చెబితే సాకు అనిపించుకుంటుంది.

ఫలితాల నివేదిక చేతికొచ్చాక ముందు మార్కు పక్కనున్న ప్రామాణిక దోషం చూడండి. 520 పక్కన 12 ఉంటే ఆ పిల్లవాడి నిజమైన స్థాయి 508, 532 మధ్య ఉండే అవకాశం ఎక్కువ అని అర్థం. 515 వచ్చిన పిల్లను 520 వచ్చినవాడికంటే వెనుక కూర్చోబెట్టడానికి ఆధారం లేదు. అంశాల వారీ మార్కుల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. నాలుగు ప్రశ్నల మీద వచ్చిన "రేఖాగణితం బలహీనం" అన్న ముద్ర ఒక్క ప్రశ్నతో తారుమారవుతుంది. పిల్లవాడి స్థాయిలో దాన్ని పట్టించుకోకండి, క్లాసు మొత్తం అదే అంశంలో తగ్గితే పట్టించుకోండి.

తర్వాత ఆరు నెలల కిందట రంగులు వేసిన కాగితం బయటికి తీసి, క్లాసు తగ్గిన అంశాలను ఆ వరుసల పక్కన రాయండి. ఎరుపు వరుసలో తగ్గితే పాఠాల క్రమం మార్చాలి. పసుపులో తగ్గితే యూనిట్ టెస్టు ప్రశ్నల స్థాయి పెంచాలి. ఆకుపచ్చలో తగ్గితే ఆ పాఠం చెప్పిన టీచర్‌ను నిలదీయకముందు, అయిదో గడిలో రాసిన ప్రశ్నను, పరీక్ష నిర్దేశాల్లోని ప్రశ్నను పక్కపక్కన పెట్టి చదవండి. ఆకుపచ్చ వేయడంలోనే పొరపాటు జరిగి ఉండవచ్చు.